పేరు, పుట్టిన తారీఖు: పాస్‌పోర్టు అడిగే రెండు సవాళ్లు

2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పాయగా ప్యాలెస్ ఖాళీ చేసి నానక్‌రామ్‌గూడ వెళ్లింది. 2025 సెప్టెంబరులో టోలిచౌకి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం రాయదుర్గం చేరింది. వతన్ దాటాలంటే తట్టాల్సిన రెండు దర్వాజాలు ఇలా హైటెక్ సిటీ పక్కకే వచ్చేశాయి. రాయదుర్గం దారి పట్టేవాళ్లలో గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఉంటాడు, దుబాయ్ వెళ్లాలనుకునే పాతబస్తీ డ్రైవర్ ఉంటాడు, ఉమ్రాకు తయారవుతున్న దాదీమా ఉంటుంది. ముగ్గురి సఫర్ వేరు. కౌంటర్ దగ్గర ఎదురయ్యే సవాళ్లు మాత్రం అవే రెండు: నీ పేరేమిటి? నువ్వెప్పుడు పుట్టావు?

పాస్‌పోర్టు నిబంధనలు ఎన్నిసార్లు మారినా మన ఖాందాన్లు ఎక్కువగా చిక్కుకున్నది ఈ రెండింటి దగ్గరే. ఆ తారీఖ్ కాస్త చూద్దాం.

మన పెద్దలకు పాస్ అంటే ముందు హజ్ గుర్తొచ్చేది. 1886లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం హాజీల ప్రయాణ ఏర్పాట్లను థామస్ కుక్ కంపెనీకి అప్పగించింది. అప్పటికి మామూలు ముసాఫిర్‌కు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ జమానాకు తెరదించింది. యుద్ధకాలంలో ఇండియాకు రావాలన్నా, ఇక్కడినుంచి పోవాలన్నా పాస్‌పోర్టు చూపాలన్నారు. యుద్ధం ముగిసింది గానీ ఆ హుకుం ముగియలేదు. 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో నానాజాతి సమితి సమావేశమై, ప్రపంచమంతా పాస్‌పోర్టు ఒకే తీరు పుస్తకంగా ఉండాలని సూచించింది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు మర్జీ. 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. ఆ జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అలా సర్కారు మెహర్బానీ కాస్తా పౌరుడి హఖ్ అయింది. కానీ హఖ్ ఉన్నా, దాన్ని అందుకోవడానికి కాగజ్ కావాలి.

ఆ కాగజ్ విలువ 2009లో హజ్ ఇళ్లకు బాగా తెలిసింది. అంతవరకు హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకు పిల్‌గ్రిమ్ పాస్ ఇచ్చేవారు. హజ్ పూర్తయి ఇంటికొస్తే దాని పని అయిపోయేది. ఆ ఏడాది నుంచి అంతర్జాతీయ పాస్‌పోర్టు ఉండాల్సిందేనని సౌదీ ప్రభుత్వం పట్టుబట్టింది. బడి గడప తొక్కని, పుట్టిన తారీఖు "మూసీ వరద వచ్చిన ఏడాదికి ఇన్నేళ్ల తర్వాత" అని లెక్క చెప్పే బుజుర్గులు కూడా తారీఖు, నెల, సంవత్సరం రాసివ్వాల్సి వచ్చింది.

తర్వాతి మలుపు 2015 నవంబరు 24. యంత్రం చదవలేని పాస్‌పోర్టులు ఆ రోజు తర్వాత చెల్లవని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గడువు పెట్టింది. అంతకు ఏడాది ముందు మన దేశస్తుల దగ్గర చేతిరాత పాస్‌పోర్టులు దాదాపు 2,86,000 ఉన్నాయి. గుమాస్తా చేతిరాతను మనిషి అర్థం చేసుకుంటాడు. యంత్రం మాత్రం అక్షరానికి అక్షరం చూస్తుంది. ఒక కాగజ్‌లో మొహమ్మద్ అని, ఇంకోదాంట్లో పొట్టిగా ఎండీ అని ఉంటే, మనకు ఒకడే అయిన మనిషి దానికి ఇద్దరు.

పేరు గొడవకు మూలం మన రివాజులోనే ఉంది. కోస్తా, రాయలసీమ ఇళ్లలో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేరులా ముందు కూర్చుంటాయి. హైదరాబాదులో తండ్రి పేరుకూ కొడుకు పేరుకూ కలిపే ముక్క లేని ఖాందాన్లు బోలెడు. ఆడపిల్ల పుట్టింట్లో ఫాతిమా, నికాహ్ తర్వాత ఫాతిమా బేగం. పాస్‌పోర్టు దరఖాస్తులో మాత్రం గడులు రెండే: ఇచ్చిన పేరు, ఇంటిపేరు. రెండో గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి పోయి, మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" పడుతుంది. అంటే పేరు తెలియదని. అమ్మీ అబ్బా ముద్దుగా పెట్టిన పేరుకు ఆ గతి!

2022 నవంబరు 21 నుంచి యూఏఈ కూడా ఒంటిపేరు పాస్‌పోర్టుకు విజిట్ వీసా లేదంది. కొద్దిరోజులకే, పాస్‌పోర్టులో తండ్రి పేరో ఖాందాన్ పేరో ఉంటే చాలని సడలించింది. రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్లకు ఆ నిబంధన మొదటినుంచీ లేదు.

ఇక పుట్టిన తారీఖు. 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు బర్త్ సర్టిఫికెట్ తేవాలని ఒకప్పుడు నిబంధన. 2016 డిసెంబరులో దాన్ని సడలించి బడి టీసీ, పాన్, ఆధార్ వంటివీ ఒప్పుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ బిగించారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. ఆ పిల్లలు పెరిగి ఏ కాలేజీకో, ఏ కంపెనీకో విదేశం బయల్దేరే రోజుకు ఇంకో దారి ఉండదు.

ఇప్పుడు చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు వస్తున్నాయి. పాతవి గడువు తీరేదాకా చెల్లుతాయి కాబట్టి ఖంగారు పడనక్కర్లేదు. కానీ చిప్‌లోకి ఎక్కేదీ ఆ పేరే, ఆ తారీఖే.

అందుకే సఫర్ తయ్యారీ టికెట్ కొన్న రోజున మొదలయ్యేది కాదు. పిల్ల పుట్టిన వారంలో మొదలవుతుంది. పుట్టుక నమోదుకు 21 రోజుల గడువు ఉంది. అఖీఖా ఏడో రోజు. ఆస్పత్రి వాళ్లు పేరు లేకుండానే పుట్టుక నమోదు చేస్తారు, మనం పేరు పెట్టుకుని దావత్ చేసి మరిచిపోతాం. ఏడాదిలోపు పేరు రాయిస్తే ఆలస్య రుసుం కూడా లేదు. అఖీఖా దావత్ అయిన మర్నాడే ఆ పని చేయించండి. రెండు గడులూ నిండేలా పేరు ఖరారు చేసుకోండి. బడిలో, ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఒకే స్పెల్లింగ్ పడేలా చూడండి. గల్ఫ్ పనికి వెళ్లేవాళ్లకు ఆ మెమో విలువ ఇంకా ఎక్కువ: పది పాసైనట్టు చూపితే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ ముద్ర తప్పుతుంది.

ఎల్లుండి ఏ దేశం ఏ కొత్త షరతు పెడుతుందో అల్లాహ్‌కే ఎరుక. ఇంట్లోని కాగజ్‌లన్నీ ఒకే పేరు చెప్పేలా చూడటం మాత్రం మన జిమ్మేదారీ.