గవ్వలను తినేసిన బీరువా

1899లో లోఫ్టస్ సెయింట్ జార్జ్ బైన్ అనే ఇంగ్లిష్ గవ్వల నిపుణుడు ఒక వింత సంగతి రాశాడు. బీరువాల్లో భద్రంగా దాచిన గవ్వలూ శంఖాలూ మెరుపు పోయి, ఒళ్లంతా తెల్లటి పొడి పట్టి గుల్లబారిపోతున్నాయట. ఇందులో సూక్ష్మజీవుల చెయ్యి ఉందని ఆయన అనుమానం. దానికి ‘బైన్ జబ్బు’ అన్న పేరు పడిపోయింది. తీరా చూస్తే అది జబ్బే కాదు, దోషి బీరువా.

ఓక్ చెక్క గట్టిది, అందమైనది. కానీ వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం అందులోంచి ఆవిరిగా ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. తలుపు మూస్తే దానికి బయటికి దారి లేదు. గవ్వ చాలావరకు కాల్షియం కార్బొనేటే కాబట్టి, కాస్త తేమ తోడైతే చాలు, ఆమ్లం దాన్ని కొరికేస్తుంది. 1934లో నికోల్స్ అనే పరిశోధకుడు ఓక్ బీరువాలనే వేలెత్తి చూపాడు. ఆ తెల్లపొడిలో ఉన్నవి ఎసిటేట్, ఫార్మేట్ లవణాలని టెనెంట్, బేర్డ్ అనే పరిశోధకులు తేల్చేసరికి 1985 వచ్చింది.

నిజానికి ఈ రసాయనం కొత్తదేం కాదు. సీసాన్ని వెనిగర్ ఆవిరికి పెట్టి తెల్లరంగు తీసే పద్ధతిని గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ క్రీస్తుకు పూర్వమే రాసి పెట్టాడు. రంగుల తయారీదారులు కావాలని చేసిన పనే మ్యూజియం బీరువాల్లో తెలియకుండా జరిగింది.

1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ ఇలాంటి హానికర ఆవిరుల్ని పట్టుకునే ఓ పరీక్షను ప్రచారంలోకి తెచ్చాడు. అనుమానమున్న చెక్క, గుడ్డ, రంగు ఏదైనా ఓ ముక్క తీసుకుని, కొంచెం నీటితో పాటు గాజు సీసాలో పెడతారు. పక్కనే వెండి, రాగి, సీసం రేకులు ఉంచి మూత బిగిస్తారు. 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో 28 రోజులు. వెండి నల్లబడితే గంధకం ఉన్నట్టు, సీసం తెల్లబారితే ఆమ్లం ఉన్నట్టు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేని ఈ పరీక్షను మ్యూజియంలు ఇప్పటికీ నమ్ముకున్నాయి.

మరి ఇలాంటి వస్తువులు పెట్టడానికి ఇంట్లో మనమే చేసుకున్న చెక్క స్టాండుకు ఏం పూయాలి? చాలామంది చెయ్యి అవిసెనూనె మీదికో, నూనె వార్నిష్ మీదికో పోతుంది. నునుపు బాగానే వస్తుంది, కానీ ఆరే క్రమంలో ఆ నూనెలే ఆమ్లాల్ని వదులుతాయి. నీటితో కలిసే యాక్రిలిక్ పూత వాటికంటే మేలు. ఏ పూతా చెక్క ఆవిరిని పూర్తిగా ఆపలేదు కనుకే, మ్యూజియంలు చెక్కకీ వస్తువుకీ మధ్య అల్యూమినియం పొర ఉన్న ఫిల్మ్ పరుస్తాయి. పూత ఏదైనా గాలి తగిలే చోట కనీసం నాలుగు వారాలు ఆరాలి. ఇక్కడే మనకు ఓపిక ఉండదు. పండగ ముందురోజు పాలిష్ కొట్టించే అలవాటు మరి!

నాలుగు రోజుల బొమ్మల కొలువు మెట్లకు ఇంత హంగామా అక్కర్లేదు. గాలి ఆడుతుంది, ముప్పు తక్కువ. భయమల్లా ఏడాది పొడవునా మూసి ఉండే అద్దాల బీరువాలతోనే. విశాఖ బీచ్‌లో కొన్న శంఖాలు, తాతల నాటి సీసపు బొమ్మలు అందులో ఉంటే ఈ ఆదివారం ఒకసారి తలుపు తెరిచి చూడండి. పుల్లటి వాసన వచ్చినా, తెల్లపొడి కనిపించినా, ముందు వస్తువుల్ని బయటికి తీయండి. పాలిష్ సంగతి తర్వాత.