రోసెటో ఊరి ఆయుష్షు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రోసెటో అనే చిన్న ఊరు ఉంది. దక్షిణ ఇటలీలోని రోసెటో వాల్‌ఫోర్టోరే గ్రామం నుండి 1882 మొదలుకొని వలస వచ్చినవారు పలకరాతి గనులలో కష్టించి, విడిచివచ్చిన ఊరి పేరునే కొత్త ఊరికి పెట్టుకున్నారు. వలస వచ్చిన మనం తెలుసుకోదగిన చరిత్ర వారిది.

1960ల ఆరంభంలో డాక్టర్ స్టూవర్ట్ వుల్ఫ్, సామాజిక శాస్త్రవేత్త జాన్ బ్రూన్ తమ బృందంతో ఈ ఊరిని పరిశీలించారు. ఇరుగుపొరుగు ఊళ్లతో పోల్చితే ఇక్కడ గుండెపోటు మరణాలు, ముఖ్యంగా నడివయసు పురుషులలో, చాలా తక్కువని తేలింది. ఆహారం కారణమా అంటే, వారు పందికొవ్వుతో వండుకునేవారు, పొగ తాగేవారు. వైద్యులూ ఆసుపత్రీ కారణమా అంటే, పక్కనున్న బాంగర్ పట్టణానికీ అవే.

భేదం జీవన విధానంలో కనబడింది. అనేక ఇళ్లలో మూడు తరాలు కలిసి ఉండేవి. పెద్దల మాటకు విలువ ఉండేది. పరస్పర సహాయ సంఘాలు, చర్చి ఉత్సవాలు ఊరిని ఒక్కటిగా నిలిపేవి. కలిగినవారు తమ కలిమిని చాటుకోకపోవడమే మర్యాద.

తరం మారింది. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు పై ఊళ్లకు వెళ్లారు. ఇళ్లు పెద్దవై, ఎడమయ్యాయి. 1935 నుండి 1985 వరకు రోసెటో, బాంగర్‌ల మరణాలను పోల్చి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, రోసెటోకు ఉండిన ఆ మేలు అంతరించినట్లు వెల్లడయింది. రక్తంలోని గుణమే కారణమైతే అంత త్వరగా పోయేది కాదు.

ఒక్క చిన్న ఊరి లెక్కలతో సిద్ధాంతం నిలవదనవచ్చు. అయితే కాలిఫోర్నియాలోని అలమేడా కౌంటీలో 1965 నుండి దాదాపు 7,000 మందిని తొమ్మిదేళ్లు గమనించిన లీసా బర్క్‌మన్, లెనర్డ్ సైమ్ 1979లో ఇటువంటి ఫలితాన్నే ప్రకటించారు. కుటుంబం, మిత్రులు, ప్రార్థనామందిరం, సంఘం వంటి బంధాలు అతి తక్కువగా ఉన్నవారికి, అవి అధికంగా ఉన్నవారికంటే మరణావకాశం రెండింతలకు పైగా ఉన్నది.

రోసెటోలో చర్చి కూలిపోలేదు. కలిసి బ్రతికే అలవాటు సడలింది. మనమూ ఆలయాలు కట్టుకున్నాము. దర్శనం చేసుకుని, ప్రసాదం అందుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయే కొత్త కుటుంబాలు మనలో ఉన్నాయి. పిల్లల వద్దకు వచ్చి, వారమంతా నాలుగు గోడల మధ్య గడిపే తల్లిదండ్రులూ ఉన్నారు. పేరడిగి పక్కన కూర్చోబెట్టుకోవడం, వారం మధ్యలో ఒకసారి ఫోన్ చేయడం మర్యాద మాత్రమే కాదు, ఆయుష్షును కాపాడే సేవ కూడా.