హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాలు జట్టు



మన జహీరాబాదునకు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదు పేరు వినగనే చార్మినారును, గోలకొండయు తలపునకు వచ్చును. ఫుట్‌బాలు ఆట నెఱిగినవారికి మాత్రము వేఱొకటి కూడ స్ఫురించును. అది హైదరాబాదు నగర పోలీసు జట్టు. దాని చరిత్రను నేడు మీకు విన్నవింప దలచితిని. ఏలయన, అందు గ్రామములకు పనికివచ్చు నీతి కలదని నా నమ్మకము.

ఆట నేర్చిన యువకులకు పోలీసుశాఖ కొలువిచ్చెను. కూటికి కొదువ లేనందున వారు సాధన విడువరైరి. వారికి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను, వృత్తిచే బడిపంతులు. ఒక్కడే బంతిని తన్నుకొనుచు పోరాదనియు, వెంటనే తోడివాని కందింపవలెననియు నియమము పెట్టి ఆయన పోటీలు నడపెను. వాటము లేని కాలితోనే ఆడవలెనను పోటీలును పెట్టెను. కాడికి రెండెద్దులును సమముగా లాగినగాని అరక సాగదు కదా!

ఫలితము చూడుడు. బొంబాయిలో నాడు జరుగుచుండిన రోవర్సు కప్పును ఈ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా 5 పర్యాయములు గెలిచెను. డ్యూరాండు కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలో గెలిచెను. రహీం శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములు పొందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచెను.

సికిందరాబాదు దాపున అమ్ముగూడలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం పేదయింటి బిడ్డ. సాధనకు వచ్చుటకు దారిఖర్చు లేదనగా, బాడుగ సైకిలుకై రహీం దినమునకొక రూపాయి ఇచ్చెనని బలరామే పిమ్మట చెప్పెను. ఆ బాలుడే మెల్బోర్నునకును జకార్తాకును వెళ్లిన భారతజట్టులలో నుండెను.

1963 జూన్ 11న రహీం దివంగతుడయ్యెను. పిమ్మట పోలీసుజట్టు వైభవము క్రమముగా తఱిగెను. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను క్రొత్తజట్టు వెలసి, 2022లో ఇండియన్ సూపర్ లీగు పోటీని గెలిచెను. కాని 2025లో దానిని ఢిల్లీకి తరలించి పేరు మార్చిరి. ఒక జట్టు గురువు పోగా క్షీణించినది. మఱియొకటి ఊరే విడిచి పోయినది.

కావున నా మనవి యిది. ఆడుటకు బయలు, నేర్పుటకు పంతులు, కూటికి కొలువు — ఈ మూడును ఉన్నంతకాలమే ఊరికి జట్టు నిలుచును. కొలువు సర్కారు చేతిలోనిది. పంతులు దొరకుట మన భాగ్యము. బయలు మాత్రము మీ చేతిలోనిదే. బడి ప్రక్కనున్న ఖాళీస్థలము అన్యాక్రాంతము కాకుండ కాపాడుడు. మీ ఊరి బలరాం ఇప్పుడెవ్వరి యింట పెరుగుచున్నాడో ఎవరెఱుగుదురు?