నౌకాదళ జెట్ విమాన నిర్మాణంపై కాటపుల్ట్ ప్రభావం: చారిత్రక పరిశీలన

విమానవాహక నౌకల చరిత్ర సాధారణంగా నౌకల పరిమాణం, ఇంజన్ల శక్తి చుట్టూ సాగుతుంది. అయితే కాటపుల్ట్ లాగే బలాన్ని విమానం తన దేహంలో ఏ భాగంతో భరించాలన్న ప్రశ్న కూడా ఆ చరిత్రను అంతగానే మలచింది. ఆ ప్రశ్నకు 1950ల నుండి లభించిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1945 డిసెంబరు 3న ఎరిక్ బ్రౌన్ సీ వాంపైర్ విమానాన్ని బ్రిటిష్ నౌక ఓషన్‌పై దింపాడు. జెట్ విమానం నౌకపై దిగగలదని దీనితో రుజువైంది. బరువైన జెట్‌లు నౌక నుండి పైకి లేవడం మాత్రం వేరే సమస్య. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి నేరుగా రెక్కలపై ప్రసరించి, తక్కువ వేగంలోనే విమానం లేవడానికి తోడ్పడుతుంది. జెట్‌కు ఆ సౌలభ్యం లేదు. పైగా తొలినాటి జెట్ ఇంజన్లు శక్తి పుంజుకోవడానికి సమయం తీసుకునేవి. బ్రిటిష్ నౌకాదళ అధికారి కాలిన్ మిచెల్ రూపొందించిన ఆవిరి కాటపుల్ట్ ఈ కొరతను తీర్చింది. 1950లో పెర్సియస్ నౌకపై దాని పరీక్షలు మొదలయ్యాయి. 1954లో అమెరికా నౌక హాన్‌కాక్‌పై అది వాడుకలోకి వచ్చింది.

తొలి దశలో విమానం పొట్ట కింద గానీ రెక్కల మొదళ్ల వద్ద గానీ ఉన్న కొక్కేలకు ఉక్కు తాడు తగిలించి, డెక్ గాడిలో పరుగెత్తే షటిల్‌కు కలిపేవారు. లాగే బలం మధ్యదేహంలోని దృఢమైన చట్రానికి నేరుగా చేరేది. వెనుకవైపు మరొక బంధం, ఇంజన్ పూర్తి శక్తితో పనిచేస్తున్నా విమానాన్ని కదలనీయక, కాటపుల్ట్ బలం తోడవగానే తెగిపోయేది. ఈ పద్ధతిలో విమాన నిర్మాణం సులభమే కాని, భారం డెక్ సిబ్బందిపై పడింది. ఇంజన్ మోగుతుండగా ప్రతిసారీ మనుషులు విమానం కిందికి దూరి తాడు తగిలించవలసి వచ్చేది.

1962 డిసెంబరు 19న ఎంటర్‌ప్రైజ్ నౌకపై ఈ-2ఏ, ఏ-6ఏ విమానాలను తాడు లేకుండా, ముందు చక్రపు కాలికే అమర్చిన కడ్డీ ద్వారా ప్రయోగించారు. 1970లో తొలిసారి ఎగిరిన ఎఫ్-14 యుద్ధ విమానం ఈ పద్ధతినే అనుసరించింది. సిబ్బందికి అపాయం తగ్గింది; భారం విమానంపైకి మారింది. అంతవరకు ప్రధానంగా ముక్కు బరువును మోసిన కాలు ఇప్పుడు మొత్తం విమానాన్ని లాగే బలాన్ని దేహానికి అందించాలి. అందుకే జంట చక్రాలు, మందమైన కాలు, వెనుక నుండి ఊతమిచ్చే కడ్డీలు, ముందు దేహంలో అదనపు దృఢత్వం అవసరమయ్యాయి. పాత పద్ధతి వెంటనే అంతరించలేదు. ఫ్రెంచి సూపర్ ఎతాందార్ 2016లో విరమించేవరకు తాడుతోనే లేచింది.

డెక్ అంచు దాటే క్షణంలో ముక్కు తగినంత పైకెత్తి ఉండాలి. తాడుతోనే లేచిన బ్రిటిష్ ఎఫ్-4కె ఫాంటమ్‌లో ఇందుకోసం ముందు కాలిని దాదాపు ఒక మీటరు పొడిగించే ఏర్పాటు చేశారు. రఫేల్ ఎమ్‌లో కుదించిన కాలు కాటపుల్ట్ పరుగు చివర ఒక్కసారిగా సాగి ముక్కును లేపుతుంది. ఎఫ్/ఏ-18లో ఆ పని కంప్యూటర్‌ది. పైలట్ ఆ సమయంలో నియంత్రణ కర్రను వదిలి పిడిని పట్టుకుంటాడు.

ఈ మార్పులకు మూల్యం బరువు. భూతలం నుండి ఎగిరే రఫేల్ కంటే రఫేల్ ఎమ్ సుమారు 500 కిలోలు ఎక్కువ. వైఎఫ్-17ను ఎఫ్/ఏ-18గా మార్చినప్పుడు కూడా చట్రం, చక్రాల కాళ్లు, రెక్కల మడత అన్నీ కొత్తగా రూపొందించవలసి వచ్చింది.

భారత అనుభవం ఈ సంబంధాన్ని మరోవైపు నుండి చూపుతుంది. 1971 యుద్ధంలో విక్రాంత్ నౌక ఆవిరి కాటపుల్ట్‌తో సీ హాక్ జెట్‌లను ప్రయోగించింది. 1980లలో సీ హారియర్ల కోసం దానిపై వాలు డెక్ నిర్మించి కాటపుల్ట్‌ను తొలగించారు. దానితో కాటపుల్ట్‌పై ఆధారపడిన విమానాలకు ఆ నౌక నుండి ఎగిరే మార్గం మూసుకుపోయింది. కాబట్టి విమాన ఎంపిక, నౌక ఎంపిక వేర్వేరు నిర్ణయాలు కావు. ఒకదాన్ని నిర్ణయించిన తరాలు రెండోదాని పరిధిని కూడా దశాబ్దాలపాటు నిర్ణయించాయి.