మనోవర్తి వ్యాజ్యములలో ఆదాయ ప్రమాణము

విడాకుల వ్యాజ్యములో భార్యాభర్తలు తమ రాబడులను, ఆస్తులను, అప్పులను ప్రమాణపూర్వకముగా వెల్లడింపవలెనను నియమము నేటి న్యాయస్థానములు కల్పించిన క్రొత్త పోకడయని తలచువారు పెక్కురు. కాని యీ యాచారము ఆంగ్లేయుల విడాకుల న్యాయస్థానము కంటెను ప్రాచీనమైనది. ఇంగ్లండులో 1857 వరకు వివాహ వివాదములను విచారించినవి చర్చి న్యాయస్థానములు. లండనులో సెయింట్ పాల్ ఆలయము చెంత, డాక్టర్స్ కామన్స్ అను భవన సముదాయమున సాగిన యా విచారణలలో క్రౌర్యమునకో వ్యభిచారమునకో విసిగిన దంపతులకు వేరు కాపురమునకు అనుమతి లభించెడిదే కాని, మరల పెండ్లాడు స్వాతంత్ర్యము లభించెడిది కాదు.

పెండ్లియైన స్త్రీ సొత్తు నాటి సాధారణ న్యాయము ననుసరించి చాలవరకు భర్త వశమగుచుండుటచే, అతనిపై దావా నడపుటకు వలసిన ఖర్చు సైతము ఆమెకు అతని సంచినుండియే రావలసియుండెను. ఆ సంచి లోతెంతయో తెలియుటెట్లు? ఇందులకే ‘అలిగేషన్ ఆఫ్ ఫ్యాకల్టీస్’ అను పత్రము పుట్టినది. ఫలానా వీథిలో నాతనికి ఇల్లున్నది, దానిపై ఇంత అద్దె వచ్చును, ఫలానా వర్తకములో ఇంత వాటా కలదు అని భార్య తరఫువారు అంశములవారీగా వ్రాసి దాఖలు చేయగా, భర్త ఒక్కొక్క అంశమునకు ప్రమాణము చేసి బదులు చెప్పవలెను. ఇల్లున్నమాట నిజమే కాని మరమ్మతులకు ఇంత పోవుచున్నది, పన్నులకు ఇంత పోవుచున్నది అను ధోరణి బదులులు ఆనాటి భర్తలకే ప్రత్యేకమని నేననుకొనను! అట్లు తేలిన ఉమ్మడి ఆదాయములో సాధారణముగా అయిదవ వంతు, దావా ముగియువరకు భార్యకు మనోవర్తిగా నిర్ణయించెడివారు.

ఇందొక విచిత్రము కలదు. నేరారోపణకు గురియైన వాని చేతనే ప్రమాణముపై నేరము నొప్పించు పద్ధతిని చర్చి న్యాయస్థానములలో 1661 నాటి శాసనము నిషేధించినందున, నీవు పరస్త్రీతో పోయితివా యని భర్తను ప్రమాణముపై అడుగుటకు వీలులేకుండెను. నీ ఆదాయమెంత యని మాత్రము నిస్సంకోచముగా అడుగవచ్చును. దాంపత్య కలహములో దాచుటకు వీలులేని రహస్యము ధనమొక్కటియే యనుట న్యాయముగనే నాకు తోచును. ఏలయన, పాపమునకు వేరు సాక్షులు దొరకవచ్చును గాని పెట్టె తాళము భర్త యొద్దనే యుండెను.

1857 శాసనముతో వివాహ వివాదములు లౌకిక న్యాయస్థానమునకు మారినను, అయిదవ వంతు లెక్క చెక్కుచెదరలేదు. అది సముద్రము దాటి మన దేశపు 1869 విడాకుల చట్టమున 36వ సెక్షనులో చేరి, ఆ చట్టమునకు లోబడిన తెలుగు క్రైస్తవులతో సహా అందరికిని, భర్త గత మూడేండ్ల సగటు నికరాదాయములో అయిదవ వంతునకు మధ్యకాలిక మనోవర్తి మించరాదని కట్టడి చేసినది. ఈ హద్దు తొలగినది 2001లో.

హిందువులకు మద్రాసు రాష్ట్రమున 1949 చట్టముతోను, దేశమంతటను 1955 చట్టముతోను విడాకులు లభించినవి. 1955 చట్టపు 24వ సెక్షను మనోవర్తికి హద్దు విధింపలేదు, భార్యయే కాక భర్తయు దానిని కోరవచ్చుననెను. కాని ఆదాయమును తెలుపుటకు ఒక నమూనాను మాత్రము చూపలేదు. ప్రశ్నావళులు పంపుటకు, దస్తావేజులు రప్పించుటకు 1908 సివిల్ ప్రొసీజరు కోడులోని 11వ ఆర్డరు ఉండనే యున్నను, కక్షిదారులు తోచినంత చెప్పుచు, న్యాయాధిపతులు అంచనా కట్టుచు వచ్చిరి. తుదకు 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇందు మల్హోత్రా, సుభాష్ రెడ్డిగారలు మనోవర్తి కోరువారును, ఈయవలసినవారును ఆస్తి అప్పుల అఫిడవిట్టు దాఖలు చేసి తీరవలెనని, దానికి నమూనాలను సైతము జతపరచి తీర్పు చెప్పిరి. వ్యవసాయదారుల నమూనాను చూచినచో, భూమి ఎంత, అది మాగాణియా మెట్టయా, పండు పంటలేవి అనుటయే గాక, గేదెలు, ఆవులు, మేకలు, కోళ్లు, తేనెటీగల పెంపకము వరకు అడిగియున్నారు. వ్రాసినది సరికాదని ఎదుటివారికి తోచినచో 11వ ఆర్డరు క్రింద ప్రశ్నలు పంపుటకు కోర్టు అనుమతి కోరవచ్చును. తెలిసి కల్లలు వ్రాసినవారు క్రిమినలు చర్యకును, కోర్టు ధిక్కార నేరమునకును గురికావచ్చును.