మాక్రోలతో ఏకజాతి టుపుల్ నిర్మాణాలు

ఒకే రకానికి చెందిన రెండో మూడో విలువలను ఒక్క పేరు కింద ఉంచే డేటా నిర్మాణం ఏకజాతి టుపుల్. మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఒక రోజు పలికిన కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర: మూడూ సంఖ్యలే. పుంగనూరు ఆవు ఉదయం, సాయంత్రం ఇచ్చే పాలు రెండు సంఖ్యలు. ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న కుప్పం తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోటు. అక్కడ ఒక మాటకు మూడు భాషల్లో ఉన్న రూపాలను నమోదు చేస్తే అవి మూడు స్ట్రింగులు. ధరల త్రయానికీ మాటల త్రయానికీ ఆకారం ఒక్కటే, లోపలి రకం వేరు. సి భాషలో రకం మారినప్పుడల్లా స్ట్రక్చర్‌ను మళ్లీ రాయాలి. ఆ శ్రమ తప్పించడానికి ప్రోగ్రామర్లు పట్టుకున్న ఉపాయం మాక్రో: రకం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి అచ్చు ఒకసారి రాస్తే, అడిగిన రకంతో స్ట్రక్చర్ తయారవుతుంది.

ఉన్నత స్థాయి భాషల్లో మాక్రోలకు 1963 ముఖ్యమైన ఏడాది. ఆ సంవత్సరం ఎంఐటీలో తిమోతీ హార్ట్ లిస్ప్ భాషకు మాక్రోలు ప్రతిపాదించారు.

సి భాషకు మాక్రోలను విస్తరించే ప్రీప్రాసెసర్ 1972-73 ప్రాంతంలో వచ్చింది. మొదట అది ఫైళ్లను కలపడం, పేరు బదులు పాఠాన్ని పెట్టడం మాత్రమే చేసేది. ఆర్గ్యుమెంట్లు తీసుకునే మాక్రోలను మైక్ లెస్క్, తర్వాత జాన్ రైజర్ చేర్చారు. దాంతో రకాన్నే ఆర్గ్యుమెంటుగా పంపే వీలు కలిగింది. అయితే ప్రతి రకపు టుపుల్‌కూ వేరే పేరు కావాలి. 1989 నాటి ఆన్సీ ప్రమాణం రెండు హ్యాష్ గుర్తులతో పదాలను అతికించే సదుపాయం ఇచ్చి ఆ అవసరం తీర్చింది. ఇక్కడా ఒక చిక్కుంది: కుప్పం ఉదాహరణలోని స్ట్రింగు సి భాషలో పాయింటర్, దాని నక్షత్రపు గుర్తు పేరులో ఇమడదు. అలాంటి రకాలకు ముందుగా టైప్‌డెఫ్‌తో ఒకే పదంలో పేరు పెట్టుకోక తప్పదు.

మూడు గదుల అరే సరిపోదా అనే ప్రశ్న సహజం. సరిపోదు. సి భాషలో అరేను ఫంక్షన్ తిరిగి ఇవ్వలేదు, ఒక అరేను మరో అరేకు నేరుగా అసైన్ చేయలేం. స్ట్రక్చర్‌తో రెండూ కుదురుతాయి. పైగా కనిష్ఠం, గరిష్ఠం అని పేరు పెట్టి పిలిచిన విలువను తప్పుగా చదివే ప్రమాదం తక్కువ.

సి++ భాషను రూపొందించిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కూడా దాని తొలి రోజుల్లో ఇలాంటి మాక్రోలనే నమ్ముకున్నారు. మాక్రోకు రకాలూ పరిధీ తెలియవు, దోషం ఎక్కడ ఉందో కంపైలర్ సరిగా చూపలేదు. అందుకే ఆయన 1988లో రకాన్ని ఆర్గ్యుమెంటుగా తీసుకునే టెంప్లేట్లను ప్రతిపాదించారు. అవి 1991లో సి++ కంపైలర్ సీఫ్రంట్ 3.0తో అందుబాటులోకి వచ్చాయి. రస్ట్ భాష ప్రామాణిక లైబ్రరీ మాత్రం నేటికీ పన్నెండు అంశాల వరకు ఉన్న టుపుల్‌లకు ట్రెయిట్లను మాక్రోలతోనే సమకూరుస్తుంది.

సి భాషలో ఈ పద్ధతికి పెద్ద అడ్డంకి ఇటీవలే తొలగింది. ఒకే రకానికి మాక్రోను రెండుసార్లు వాడి, ఒకే పేరు, ఒకే సభ్యులు ఉన్న స్ట్రక్చర్‌ను ఒకే ఫైల్లో రెండుసార్లు నిర్వచిస్తే పాత ప్రమాణం ప్రకారం తప్పు; 2024లో ప్రచురితమైన సి23 ప్రమాణం ఆ రెండింటినీ ఒకే రకంగా గుర్తిస్తుంది.