స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పుస్తకములకు సూచిక

ఎవరైనను వాడి, విప్పి చూచి, మార్చి, పదిమందికి పంచదగిన కంప్యూటరు ప్రోగ్రాములను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అందురు. వాటి వాడుక పుస్తకములను తెలుగున తేవలెనను కోరిక మనలో పలువురికి కలదు. పుస్తకములకన్న ముందు వాటి సూచిక సంగతి చూడవలెనని నా మనవి.

1971 నవంబరు 3వ తేదీన అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనువారు యునిక్స్ వ్యవస్థకు వాడుక పుస్తకము వెలువరించినారు. విభాగములు చేసి, పేర్లను అక్షరక్రమమున పెట్టినారు. పేరు తెలిసినవానికి అది చాలును. పని తెలిసి పేరు తెలియనివాని గతి యేమి? వానికొరకు తరువాతి కూర్పులలో వేరొక సూచిక చేర్చినారు. అందులో శీర్షికలోని ప్రతి ముఖ్యమైన మాటకును వంతు వచ్చును. ‘ఫైలు నకలు తీయుట’ అనునది ‘ఫైలు’ క్రింద ఒకసారి, ‘నకలు’ క్రింద మరియొకసారి కనబడును.

ఆ యునిక్స్‌కు యజమాని కలడు. 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ పథకమునకు అట్టి యజమాని లేడు. వ్రాయువారు దేశదేశముల చెదరియున్నవారు, పలువురకు ముఖపరిచయము సైతము లేదు. మరి సూచిక వ్రాయు గుమాస్తా ఎవరు? వారి ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. ప్రతి ప్యాకేజీ తన పుస్తకముతోపాటు తన సూచిక పంక్తిని, తాను చేరవలసిన వర్గము పేరును తానే తెచ్చుకొనును. ప్యాకేజీ యంత్రములో దిగినప్పుడు ఆ పంక్తి ‘డిర్’ అను మొదటి పట్టికలో చేరును. దానిని తీసివేసినప్పుడు పంక్తియు పోవును. స్టేషను తెరచిన నాడే టైంటేబుల్‌లో తన పేరు తానే వ్రాసుకొన్నట్లు! మా రైల్వేలో అట్టి సౌఖ్యము లేదు. ఆ పట్టికనుండి పుస్తకమునకు, అధ్యాయమునకు, మరల పైకి పోవుటకు దారులు కలవు. అయితే వర్గముల పేర్లు ఎవరికి తోచినట్లు వారు పెట్టిన, పట్టిక సంతవలె నగును.

తెలుగున మొదటి చిక్కు అక్షరక్రమముననే ఉన్నది. భారతీయ లిపులన్నిటికి ఒకే వరుస ఉండవలెనని ఇస్కీ అను ప్రమాణమును 1980లలో కట్టినారు. 1991లో వెలువడిన యూనికోడ్ ఆ వరుసనే అనుసరించినది. అందులో ‘ళ’ అక్షరము ‘ల’ ప్రక్కన ఉన్నది, బాలశిక్షలో ‘హ’ తరువాత ఉన్నది. కోడ్ సంఖ్యలనుబట్టి సర్దిన యెడల ‘బళ్ళారి’ మాట ‘బసవన్న’కు ముందు వచ్చును. బాలశిక్షనుబట్టి తరువాత రావలెను. కన్నడముననూ ఇదే కథ. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకును, బళ్ళారి మైసూరుకును చేరినది మొదలు మన పిల్లలు రెండు లిపుల నడుమ పెరుగుచున్నారు. వారు ఏ అక్షరమాల నేర్చినను ‘ళ’ను వెదకునది కడపటనే.

రెండవ చిక్కు విభక్తులది. ‘ఫైలు’, ‘ఫైళ్ళు’, ‘ఫైలులో’ వేర్వేరు చోట్ల పడిన యెడల చదువరి దారి తప్పును. ప్రతి పంక్తిని మూలపదము క్రిందనే చేర్చవలెను. అక్షరముల వరుసనైనను యంత్రమునకు వేరుగా పట్టిక కట్టి చెప్పవచ్చును. కంప్యూటరు నేర్చిన మన యువకులు ముందు ఆ పట్టికను సరిచూచి, పిమ్మట పుస్తకములకు పూనుకొనవలెను.